కంటి వెలుగు - మూగజీవి ఋణము

బీదరు జిల్లా ఔరాద్ తాలూకాలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా చింతకి అను గ్రామము ఉన్నది. 1956 వరకు ఆ ప్రాంతమంతయు హైదరాబాదు రాష్ట్రములోనిదే. రాష్ట్రములు వేరైనను, పెద్ద జబ్బు వచ్చినప్పుడు హైదరాబాదు వైపు చూచుట అక్కడివారికి మానని అలవాటు.

అటువంటి ఊళ్ళలోని కిరాణా దుకాణములలో తమలపాకునకు, పొగాకునకు కలుపుకొను తడి సున్నమును చిన్న ప్లాస్టిక్ పొట్లములలో అమ్ముదురు. ఆ పొట్లములు దండవలె తాడున వ్రేలాడుచుండును. ప్రక్కనే పిల్లల చాక్లెట్లు ఉండును. పిల్లవాడు పొట్లమును ఆటవస్తువనుకొని నొక్కును. అది పగిలి సున్నము కంటిలోనికి చిమ్మును. ఇది ఊహించి చెప్పిన మాట కాదు. దేశములోని కంటి వైద్యులు ఇట్టి సంగతులను పలుమారులు వైద్యపత్రికలలో వ్రాసియున్నారు.

సున్నము క్షారము. అది పైపొరను కాల్చి ఊరకుండక లోపలికి ఇంకుచు పోవును. అందుచేత క్షణము ఆలస్యము చేయక, దొరికిన శుభ్రమైన నీటితో అరగంటసేపైనను కంటిని కడుగవలెనని, రెప్పల క్రింద చిక్కిన సున్నపు రేణువులను తీయించవలెనని వైద్యులు చెప్పుదురు. డాక్టరు కొరకు బండి ఎక్కుట ఆ తరువాతి పని. ఇంతమాత్రము తెలియక కన్ను పోగొట్టుకొన్నవారు కలరు.

నల్లగుడ్డు ముందు అద్దము వంటి పొర ఒకటి ఉండును. దానిని కార్నియా అందురు. ఆ అద్దముపైనున్న పల్చని చర్మము దినదినము అరుగుచు, దినదినము క్రొత్తగా పుట్టుచుండును. క్రొత్తదానిని పుట్టించు మూలకణములు నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలియు అంచులో కాపురముండును. వర్తకుల మాటలో చెప్పవలెనన్న, కార్నియా దుకాణము, ఆ అంచు గిడ్డంగి. దుకాణములో సరకు పాడైన గిడ్డంగినుండి తెచ్చి నింపవచ్చును. సున్నము గిడ్డంగినే కాల్చినచో ఏమి చేయవలెను? అద్దముపైకి తెల్లగుడ్డు పొర ప్రాకివచ్చును, రక్తనాళములు ప్రవేశించును, చూపు మసకబారును. అట్టి కంటికి చనిపోయినవారి కార్నియాను తెచ్చి అతికినను నిలువదు. అద్దమును మార్చినారు గాని గిడ్డంగి లేదు గదా.

హైదరాబాదులో 1987లో డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఈ చిక్కునకు ఒక దారి చూపినది. సినిమా నిర్మాత ఎల్.వి. ప్రసాద్‌గారు భూమిని, ధనమును ఇచ్చుటచేత దానికి ఆ పేరు వచ్చినది. 2001 నుండి అచ్చటి వైద్యులు రోగియొక్క మంచి కంటి అంచునుండి చిన్న ముక్కను తీసి, ప్రసవములో వెలువడు మాయపైని పల్చని పొరమీద ప్రయోగశాలలో పెంచి, కాలిన కంటిపై అతుకుచు వచ్చినారు. పదేండ్ల పనిని లెక్కవేసి 2011లో ప్రకటించినారు. 200 మందికి చేయగా 142 మందిలో కంటి పైపొర స్థిరముగా నిలిచినది. అనగా నూటికి 71.

ఇంతవరకు సంతోషింపదగిన కథయే. ధర్మసందేహము దీని తరువాత మొదలగును.

పళ్ళెములో పెరిగిన కణములన్నియు చూచుటకు ఒక్కటిగానే ఉండును. వానిలో మూలకణములు ఎన్ని, కొలదినాళ్ళలో రాలిపోవునవి ఎన్ని? కంది విత్తనములు కొను రైతు దోసిట పట్టి మొలకెత్తునవి ఏవో, తాలు ఏవో చెప్పగలడు. కణములను అట్లు చెప్పుటకు లోపల ఒక గుర్తు కావలెను. అట్టి గుర్తులలో ఒకటి పి63 అను ప్రోటీను. గర్భములో పిండము ఎదుగునప్పుడు ఏ జన్యువును ఎప్పుడు చదువవలెనో నిర్ణయించు మునీములవంటి ప్రోటీనులు కొన్ని ఉన్నవి. వానిని అనులేఖన కారకములందురు. జన్యువు చిట్టాలో ఎన్ని పద్దులున్నను మునీము తెరచిన పుటయే పనిచేయును. పి63 చర్మమును, దానివంటి పొరలను పుట్టించుటలో ముఖ్యమైనది. పెరిగి పెద్దయైన తరువాత గూడ మూలకణములలో అది నిలిచియుండును.

ఆ పి63 విలువ యెంతయో ఇటలీ దేశపు వైద్యులు 2010లో లెక్కలతో చూపినారు. అతికిన పొరలో, పెరిగి గుంపులు కట్టగల కణములలో నూటికి మూడు కంటె ఎక్కువ పి63తో ప్రకాశముగా వెలిగినచో 78 శాతము మందికి చికిత్స ఫలించినది. మూడు గాని అంతకు తక్కువ గాని అయినచో 11 శాతమునకే ఫలించినది. నూటికి మూడు అన్న ఆ చిన్న అంకె ఒక పిల్లవాని చూపునకు, చీకటికి నడుమ గీత అయినది. హైదరాబాదు శాస్త్రజ్ఞులు కూడ తాము పెంచిన కణములను ఈ పి63తోను, ఇతర గుర్తులతోను పరీక్షించినారు.

మరి పి63 కంటికి కనబడునా? కనబడదు. దానిని వెదకి పట్టుకొనునది ప్రతిరక్షకము. ఒక జంతువు శరీరములోనికి పరాయి పదార్థమును ఎక్కించినచో, ఆ పదార్థమునే గుర్తుపట్టి అంటుకొను ప్రోటీనులను ఆ జంతువు రక్తము తయారు చేయును. మశూచి, కోరింత దగ్గు సోకినవారి శరీరమును కాపాడునవి ఇవియే. 1890లో బెర్లినులో బేరింగ్, కిటసాటో అనువారు ఈ శక్తిని రక్తరసములో కనుగొన్నారు. 1941లో ఆల్బర్ట్ కూన్స్ అను అమెరికా వైద్యుడు ప్రతిరక్షకమునకు మెరిసెడు రంగును అతికి, సూక్ష్మదర్శినిలో అది ఎక్కడ అంటుకొన్నదో చూచినాడు. నేడు ప్రయోగశాలలలో చేయునదియు దాదాపు అదియే. గాజుపలకపై కణములను నిలిపి, పి63ను పట్టు మొదటి ప్రతిరక్షకమును పోయుదురు. అది చాలవరకు ఎలుకది. కడిగిన పిమ్మట ఎలుక ప్రతిరక్షకమును పట్టు రెండవదానిని, రంగు అతికినదానిని పోయుదురు. అది చాలవరకు మేకది. మూలకణపు నడిబొడ్డు చీకటిలో దీపము వలె వెలుగును.

దీపము వెలిగినది. నూనె ఎవరిదని శ్రావకుడు అడుగును.

పి63ను వెదకుటకు లోకములో ఎక్కువగా వాడిన ప్రతిరక్షకమునకు 4ఎ4 అని పేరు. 1998లో హార్వర్డు వైద్య విద్యాలయమున ఆ ప్రోటీనును గూర్చి పరిశోధించినవారు దానిని ప్రకటించినారు. అట్టిదానిని చేయు విధానమును 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టైన్ అనువారు కనిపెట్టినారు. ఎలుకకు పదార్థమును ఎక్కింతురు. కొన్ని వారములకు ఎలుకను చంపి ప్లీహమును తీయుదురు. ప్లీహ కణములను, చావులేని క్యాన్సరు కణములను కలిపి ఒకటి చేయుదురు. ఆ జంటకణము పాత్రలో పెరుగుచు ఒకేరకపు ప్రతిరక్షకమును ఏండ్ల తరబడి ఇచ్చుచుండును. 1984లో వారికి నోబెల్ బహుమానము వచ్చినది. ఇంత విలువైన విద్యకు పేటెంటు తీసికొనలేదని వర్తకులు విన్నచో ఆశ్చర్యపోవుదురు.

మేకలను, కుందేళ్ళను అట్లు ఒక్కసారితో విడువరు. వాటికి మాటిమాటికి మందు ఎక్కించి రక్తము తీయుదురు. కుందేళ్ళను తుదకు రక్తమంతయు తీసి చంపుటయు కలదు. అమెరికాలో ప్రతిరక్షకముల వ్యాపారము చేసిన ఒక పెద్ద సంస్థ తన మేకలకు సరియైన వైద్యము చేయించలేదను అభియోగముపై 2016లో 35 లక్షల డాలర్ల జరిమానా కట్టి, జంతువుల లైసెన్సును పోగొట్టుకొన్నది.

ఈనాడు జైన కుటుంబములలోని పిల్లలు జీవశాస్త్రము చదువుచున్నారు. చింతకివంటి ఊరి వర్తకుని మనుమరాలు హైదరాబాదు ప్రయోగశాలలో చేరినదనుకొందురు గాక. సెలవులకు వచ్చి, "తాతయ్యా, ఆ సీసాను నేను ముట్టుకొనవచ్చునా?" అని అడిగినచో తాత ఏమి చెప్పవలెను? సూర్యాస్తమయమునకు ముందే భోజనము ముగించు ఇల్లు అది. వడకట్టిన నీటిలోని సూక్ష్మజీవులను తిరిగి అదే బావిలో విడుచు ఇల్లు.

మొదటి సులభమైన జవాబు ఒకటి ఉన్నది. "చంపినవాడు వేరొకడు, సీసా ఎప్పుడో తయారైనది, కొన్నవారికి పాపమేమి?" అని. ఈ మాట వర్తకుని నోట రాదగినది కాదు. కొనువాడు లేనిదే సరకు లేదని అతనికి తెలిసినంతగా ఎవరికి తెలియును? చేయుట, చేయించుట, చేసినదానిని మెచ్చుట అను మూడింటిని పెద్దలు ఒకే వరుసలో ఉంచినారు. సీసా కొరకు వ్రాసిన ఆర్డరు మరియొక కుందేలును బోనులోనికి పంపును.

రెండవ జవాబు మరింత తియ్యనిది. "పిల్లవానికి చూపు వచ్చినది గదా, ఆ పుణ్యములో ఈ పాపము చెల్లిపోవును" అని. ఖాతాలో జమకు ఖర్చు చెల్లువేయుట వర్తకులకు అలవాటు గనుక ఈ మాట చెవికి ఇంపుగా నుండును. కాని కర్మపు ఖాతా అట్టిది కాదని పెద్దలు చెప్పుచు వచ్చినారు. పుణ్యమునకు దాని ఫలము, పాపమునకు దాని ఫలము, రెండును అనుభవింపవలసినవే. పగలంతా తూకములో మోసగించి సాయంకాలము పాంజ్రాపోలునకు చందా వ్రాయువానిని ఎవరును నిర్దోషి అనరు.

గృహస్థుని హింసను నాలుగు తెరగులుగా చెప్పుదురు. ఇంటిపనులలో జరుగునది, వృత్తిలో జరుగునది, ఆత్మరక్షణలో జరుగునది, కావలెనని సంకల్పించి చేయునది. మొదటి మూడింటిని గృహస్థు పూర్తిగా తప్పించుకొనలేడు. నాలుగవదానిని విడువవలెను. ఎలుక ప్లీహమును తీయుట ఏ తెరగులోనిది? నాగలి క్రింద పురుగు పడుటవంటిది కాదు. ఇది వృత్తిలోని హింసయేనని తప్పించుకొనజూచుట ఎలుకకు గాక తనకే అబద్ధము చెప్పుకొనుట. శస్త్రవైద్యుడు రోగిని కోయుటతో దీనిని పోల్చుటయు తగదు. రోగిని కోయునది రోగి మేలునకే. ఎలుకకు ఏ మేలును లేదు.

అయినచో తాత వలదని చెప్పవలెనా? అప్పుడు సున్నముపడిన పిల్లవాడు ఎదుట నిలుచును. వాడును పంచేంద్రియ జీవియే. వానికి మంచి పొర అతికితిమో, తాలు అతికితిమో తెలియక అతుకుట దయ అగునా? ఒక కంటి ముక్కను మంచి కంటినుండి తీసియున్నారు. పరీక్షింపక దానిని వ్యర్థము చేసినచో అదియు హింసయే.

ఇక్కడ ఒక మాట విచారింపదగినది. ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రములో హింసను నిర్వచించునప్పుడు ప్రాణము తీయుటకు ముందు ప్రమాదము అను మాటను నిలిపినారు. ఈనాడు తెలుగులో ప్రమాదమన్న బస్సు బోల్తాపడుట. శాస్త్రములో దానికి అర్థము ఏమరుపాటు, అజాగ్రత్త, రాగద్వేషములకు లోబడి నడచుకొనుట. అంతమాత్రమున తెలిసి జాగ్రత్తగా చేసిన హత్య హింస కాకపోదు. కాని ఏమరుపాటును శ్రావకుడు తక్కువగా ఎంచరాదు. ప్రతిరక్షకముల వ్యవహారములో ఏమరుపాటు ఎంతయున్నదో చూచినచో గుండె చెదరును.

2023లో కొందరు శాస్త్రజ్ఞులు 65 ప్రోటీనుల కొరకు అంగడిలో అమ్మెడు 614 ప్రతిరక్షకములను తెచ్చి ఒక్కొక్కదానిని పరీక్షించినారు. సగమునకు పైగా ఏదో ఒక పరీక్షలో విఫలమైనవి. పట్టవలసిన ప్రోటీనును పట్టక మరిదేనినో పట్టుట, లేక దేనిని పట్టకుండుట. అట్టివానితో చేసిన పనులు పత్రికలలో అచ్చయియున్నవి. అనగా జంతువు రక్తమిచ్చినది, ప్రయోగశాల ధనమిచ్చినది, వచ్చినది అసత్యము. పిల్లవానికి చూపు ఇచ్చిన ఎలుకను గూర్చి వాదింపవచ్చును. ఎవరికిని ఏమియు ఇవ్వని ఈ కుందేళ్ళను గూర్చి వాదించుటకు ఏమున్నది?

4ఎ4ను గూడ గ్రుడ్డిగా నమ్మరాదు. పి63 ఒకటే రూపములో ఉండదు. 4ఎ4 అన్ని రూపములను పట్టును. మూలకణములకు గుర్తుగా ఎంచునది వానిలో ఒకటే. అందుచేత జాగ్రత్తగలవారు వెలుగు ఉన్నదా లేదా అనియే గాక ఎంత ప్రకాశముగా ఉన్నదో కొలుతురు. ఆ ఒక్క రూపమునే పట్టు వేరొక ప్రతిరక్షకముతో సరిచూతురు. మొదటి ప్రతిరక్షకము పోయని పలకను ఒకదానిని ప్రక్కనుంచుకొందురు. సరకు తూచుటకు ముందు ఖాళీ త్రాసును చూచుకొనుట వంటిది ఇది. ఈ ఖాళీ త్రాసును చూడని ప్రయోగము ఎంత గొప్ప విద్యాలయములో జరిగినను మెచ్చదగినది కాదు.

తాత చెప్పదగిన జవాబు ఈ దారిలో దొరకును. సీసాను ముట్టుకొనవచ్చును, కాని అది అప్పు అని తెలిసి ముట్టుకొనవలెను. అప్పు అన్నచో దానికి నియమములున్నవి. 4ఎ4 వంటిది ఒక ఎలుక ప్రాణముతో మొదలైనది. పాత్రలో పెరుగుచున్నంతకాలము ప్రతి సీసాకు క్రొత్త ఎలుక చావవలసిన పని లేదు. అసలు తీసికొన్నారు, వడ్డీ పెరుగుట లేదు. అదే జంటకణమును బ్రదికియున్న ఎలుకల కడుపులోనికి ఎక్కించి, కడుపు ఉబ్బిన తరువాత నీరు తీయు పద్ధతి ఒకటి ఉండెడిది. పెక్కు దేశములు దానిని అరికట్టినను పూర్తిగా పోలేదు. అది చక్రవడ్డీ. ఏండ్లకొలది మేకల రక్తము తీయుచు చేయునదియు అట్టిదే. ఒకే మందు రెండు విధములుగా తయారగుచుండగా ఏ విధముగా తయారైనదో అడుగకుండ ఆర్డరు వ్రాయుట ఏమరుపాటు.

అప్పు తీర్చు దారియు ఏర్పడినది. ప్రతిరక్షకముల జన్యువులను సూక్ష్మజీవులలో ఉంచి, జంతువుతో పని లేకయే కావలసినదానిని ఏరుకొను విద్య ఉన్నది. దానికి జార్జి స్మిత్, గ్రెగరీ వింటర్ అనువారికి 2018లో నోబెల్ బహుమానములో భాగము వచ్చినది. పైన చెప్పిన 614లో జన్యువునుండి పాత్రలలో చేసినవి తక్కినవానికంటె మెరుగుగా నిలిచినవి. 2020లో ఐరోపా సమాఖ్య ప్రయోగశాల ప్రతిరక్షకముల కొరకు ఇక జంతువులను వాడరాదని సలహా ఇచ్చినది. చాలమంది శాస్త్రజ్ఞులు ఇంకను కాలము రాలేదని వాదించినారు. వారి వాదములో కొంత నిజమున్నది, కొంత అలవాటున్నది. ఎంతెంత అన్నది తేల్చవలసినది వారే.

జంటకణములు పాత్రలో పెరుగుచున్నవి గదా అని సంతోషించుటకును లేదు. పాత్రలో వానికి ఆహారముగా దూడ రక్తరసమును పోయుట వాడుక. అది కబేళాలో కోసిన ఆవు గర్భములోని దూడనుండి తీసినది. దీనిని విన్న శ్రావకునికి అన్నము సయించదు. రక్తరసము లేని ఆహారములు ఇప్పుడు దొరకుచున్నవి, ధర ఎక్కువ. హైదరాబాదు వైద్యులు తమ రోగులకు పెంచిన పొరలో దూడ రసమునకు బదులు రోగి సొంత రక్తరసమునే వాడినారు. ఇతర దేశములలో క్రింద ఎలుక కణములను పరచి పెంచుచుండగా వీరు దానిని కూడ మానినారు. జంతువుల రోగములు అంటకుండవలెనన్నది అందులో ఉద్దేశ్యము, అహింస కాకపోవచ్చును. ఉద్దేశ్యము ఏదైనను దూడ ఒకటి తప్పించుకొన్నది.

అదే ఆసుపత్రివారు 2012లో ఇంకొక అడుగు వేసినారు. మంచి కంటినుండి సుమారు రెండు మిల్లీమీటర్ల ముక్కను తీసి, ఎనిమిది పది తునకలు చేసి, ప్రయోగశాలతో పని లేక నేరుగా కాలిన కంటిపైననే నాటు విధానమును ప్రకటించినారు. నారు కొనితెచ్చి నాటుటకు బదులు విత్తనమును చేనిలోనే చల్లినట్లు. ఖర్చు తగ్గినది. పళ్ళెములు లేవు గనుక, పళ్ళెములోని కణములను పరీక్షింపవలసిన అవసరమును తగ్గినది. అంచులో మూలకణములున్నవని, అవి తిరిగి పొరను అల్లునని ముందుగా ఎట్లు తెలిసినది? ఏండ్ల తరబడి పళ్ళెములపై, గాజుపలకలపై చూచిన చూపువలననే. పి63 లేని ఎలుకపిల్లలను 1999లో రెండు ప్రయోగశాలలు పుట్టించినవి. చర్మము సరిగా లేక, కాళ్ళు ఎదుగక, పుట్టిన కొలదిసేపటికే అవి చనిపోయినవి. ఆ జ్ఞానము నేడు ఈ చేనిలో ఎరువై ఉన్నది. తెలిసినదానిని తెలియనట్లు చేయుట ఎవరి తరము కాదు. ఆ ఎలుకపిల్లల పద్దును ఖాతానుండి కొట్టివేయుట మాత్రము తగదు.

భారతదేశములో 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రయోగములకు హద్దులు పెట్టినది. 2023లో మందుల పరీక్షలకు జంతువులు లేని పద్ధతులను అంగీకరించు సవరణ వచ్చినది. చట్టము చేయగలిగినది అంతవరకు. ఆ పైన ధనమిచ్చువారి చేతిలో కొంత ఉన్నది.

పర్యుషణ దినములలో కబేళాకు పోవు మేకలను కొని విడిపించు కుటుంబములు చాల ఉన్నవి. ఆసుపత్రులకు, కళాశాలలకు విరాళములిచ్చునవియు అవే. విరాళము వ్రాయునప్పుడు శిలాఫలకముపై పేరు ఎంత పెద్దదిగా నుండునో అడుగుటకు బదులు, ప్రతిరక్షకములు ఎక్కడినుండి కొనుచున్నారు, జంతువు లేకుండ చేసినది దొరకినప్పుడు దానిని ఎందుకు కొనలేదు, ధర తేడా ఎంత అని అడుగవచ్చును. తేడా ధనమును తామే భరింతుమని చెప్పవచ్చును. ఒక బోనులోని మేకలను విడిపించుటయే అది. అట్టి దానము ఫోటోలో కనబడదు, అది వేరు సంగతి.

ఇంకొక సంగతి ఉన్నది, శ్రావకులకు రుచింపనిది. శాస్త్రములలో గృహస్థు మానవలసిన పదునైదు వ్యాపారములు చెప్పినారు. ఏనుగు దంతములు, లక్క, విషము మొదలగునవి వానిలో ఉన్నవి. సున్నపు పొట్లము వానిలో పేరుతో లేదు. అందుచేత దానిని ఎవరును ప్రశ్నింపలేదు. ప్రయోగశాలలోని ఎలుకను గూర్చి చలించు తాత తన దుకాణపు తాడును చూడకపోవచ్చును. కాలిన కన్ను ఆ తాడున మొదలైనది. కన్ను కాలనిచో పొరయు అక్కరలేదు, పి63యు అక్కరలేదు, ఆ సీసాయు అక్కరలేదు. చింతకిలోనైనను, బీదరులోనైనను తడి సున్నమును గట్టి మూతగల డబ్బీలో పెట్టి, గల్లా వెనుక పై అరలో ఉంచి, పెద్దవారు అడిగినప్పుడు మాత్రమే తీసి ఇచ్చుటకు వర్తకునికి నష్టమేమియు లేదు. చాక్లెట్ల ప్రక్కనున్న తాడును విప్పుట ఒక నిమిషపు పని. దుకాణము ముందు త్రాగునీటి కుండ ఎట్లును ఉండును. కంటిలో సున్నము పడినచో మొదట ఆ కుండ వద్దకే పరుగెత్తవలెనని గుమాస్తాకు చెప్పి ఉంచవలెను.